కానుకగా క్రిప్టో: తాళం ఎవరి చేతిలో?

సంపాదకులు గారికి,

క్రిప్టోకరెన్సీ గురించి బొత్తిగా తెలియని ఆత్మీయులకు దానిని కానుకగా ఇవ్వదలచినవారు ధర మాట అటుంచి, తాళం ఎవరి చేతిలో ఉంటుందో ముందుగా ఆలోచించాలి.

క్రిప్టోను పంపడానికి, అందుకోవడానికి వాడే యాప్ లేదా పరికరమైన వాలెట్‌లో నిజానికి నాణేలు ఉండవు. లావాదేవీల ఉమ్మడి డిజిటల్ చిట్టా అయిన బ్లాక్‌చెయిన్‌లో నమోదైన మొత్తాన్ని కదిలించే అధికారమిచ్చే రహస్య కీ మాత్రమే ఉంటుంది. ఆ కీని తిరిగి పొందడానికి సాధారణంగా 12 లేదా 24 పదాల వరుస ఇస్తారు. ఆ పదాలు పోగొట్టుకుంటే మొర వినే బ్యాంకు ఉండదు, ఇంకొకరి కంటపడితే సొమ్ము నిమిషాల్లో మాయం కావచ్చు. కానుక ఇచ్చేవారే వాలెట్ సిద్ధం చేసి, ఆ పదాలను తమ ఫోనులో ఫొటో తీసి దాచుకుంటే (మంచి ఉద్దేశంతోనే అనుకుందాం), అది ఇచ్చినట్టూ కాదు, ఇవ్వనట్టూ కాదు. పుచ్చుకునేవారే స్వయంగా వాలెట్ తెరిచి, పదాలను కాగితంపై రాసుకున్నాక, ముందు అతి స్వల్ప మొత్తం పంపి చూడడం మేలు; తప్పు చిరునామాకు వెళ్లినదాన్ని వెనక్కి తెప్పించే మార్గం లేదు. క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజీలోనే ఉంచడం సులువే గాని, 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజీ కుప్పకూలినప్పుడు ఖాతాదారులు తమ సొమ్ము తీసుకోలేకపోయారు.

ఒక బిట్‌కాయిన్‌కు 10 కోట్ల సతోషీలు (దాని అతి చిన్న భాగాలు) కనుక కానుక చిన్నదైనా ఫరవాలేదు. అయితే 2021 నవంబరులో 69,000 డాలర్ల దరిదాపులకు చేరిన బిట్‌కాయిన్, ఏడాది తిరిగేసరికి 16,000 డాలర్ల స్థాయికి పడిపోయింది. కానుక చూసి మురిసి సొంత పొదుపునూ అందులో పోసేవారి గురించే నా భయమంతా.

మీ ఆర్థిక పేజీలో ధరలతోపాటు కీల భద్రత గురించి కూడా రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు