గద్ద ఎగరడంలో తప్పు మాదే, సరిచేసిన నియమాలు ఇవిగో

మా దగ్గర ఏటికొప్పాక పావుల చదరంగం పెట్టె కొన్నవాళ్లందరికీ నమస్కారం. పెట్టెలో పెట్టిన నియమాల కాగితం చించేయండి. ఎందుకో చెప్తాను.

పోయిన నెల ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు వాళ్ల నాన్నతో విశాఖలో పూర్ణా మార్కెట్ దగ్గర మా కొట్టుకు వచ్చాడు. "అంకుల్, ఒక్క ఎత్తులో ఆటకట్టు చేస్తాను, చూస్తారా?" అన్నాడు. నవ్వాను. వాడు పావులు పేర్చాడు. రాజు పక్క మూలలో ఏనుగు బదులు మేం పెట్టిన తెల్ల గద్దను ఎత్తి, తన బంటునీ ఎదుటి బంటునీ దాటించి, అవతలి మూలలోని నల్ల గద్దను కొట్టి అక్కడ కూర్చోబెట్టాడు. అక్కడి నుంచి గుర్రం, శకటు మీదుగా నేరుగా రాజుకు చెక్. రాజు కదలడానికి గడి లేదు, చుట్టూ సొంతవాళ్లే. ఆ గద్దను కొట్టగల పావు ఒక్కటీ లేదు. అడ్డం పెడదామన్నా ఎన్నింటినైనా దాటేస్తుందాయె. మా కాగితం ప్రకారం వాడు ఆడింది అక్షరాలా సరైనదే. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

నేను చేత్తో రాసుకున్న దాంట్లో గద్ద "ఒకే ఒక్క పావు మీదుగా" ఎగిరి కొడుతుందని ఉంది. అంతా ఒక పేజీలో పట్టించాలని కుదించేటప్పుడు అది "పావుల మీదుగా" అయిపోయింది. ప్రింటింగ్ వాళ్లను అనడానికి లేదు, కుదించింది నేనే. ఇంట్లో ఆడి చూశాం గానీ, మాకు తెలిసిన నియమంతో ఆడాం. కాగితం చదువుకుంటూ ఎవరూ ఆడలేదు.

పోనీ, "ఒక్క" అన్న మాట తిరిగి పెడితే చాలా? చాలదు. గద్ద మొదటి ఎత్తులోనే తన ముందున్న బంటును దాటి ఎదుటి బంటును తినేస్తుంది. మా తమ్ముడూ నేనూ ఆడేటప్పుడు ఇద్దరం చెరొక బంటు పోగొట్టుకుని, లెక్క సరిపోయిందిలే అనుకునేవాళ్లం. డబ్బు పెట్టి కొన్నవాళ్లు అలా ఎందుకు అనుకోవాలి?

కాబట్టి ఇకనుంచి ఇలా. మామూలుగా కదిలేటప్పుడు గద్దది పాత ఏనుగు నడకే, ఖాళీ గడుల్లో నేరుగా. కొట్టాలంటే మాత్రం మధ్యలో సరిగ్గా ఒక్క పావు ఉండాలి. అది ఎవరిదైనా పరవాలేదు. నిజానికి ఇది చైనా చదరంగంలో ఫిరంగి కొట్టే పద్ధతే, నా సొంత తెలివి కాదు. నేను కలిపింది ఒక్కటే: గూట్లో ఉన్న గద్ద కొట్టకూడదు, చెక్ కూడా ఇవ్వదు. ఆట మొదట్లో ఉన్న గడి దాని గూడు. ముందు అక్కడి నుంచి బయటికి రావాలి, ఆ తర్వాతే వేట.

అన్నిటికంటే ఎక్కువ ఫోన్లు చెక్ గురించే వచ్చాయి. సీతమ్మధార నుంచి ఒకాయన రాత్రి పదింటికి చేశారు. అవతల వాళ్లమ్మాయి అరుపులు నాకూ వినిపిస్తున్నాయి. "అడ్డం పెట్టి ఆపలేరు" అన్న మా వాక్యమే ఆ గొడవకు కారణం. అది కూడా తప్పే. గద్దకూ రాజుకూ మధ్య ఒక్క పావు ఉంటేనే చెక్. రెండోది పెట్టారనుకోండి, చెక్ పోయింది. లేదా ఆ ఒక్కటీ మీదే అయితే, ఆ వరసలోంచి పక్కకు తీసేయండి, అప్పుడూ పోయింది. ఇక్కడే ఒక మెలిక ఉంది. దారి పూర్తిగా ఖాళీగా ఉంటే రాజు క్షేమం. అందులోకి మీరే ఒక పావు జరిపితే, మీ రాజును మీరే చెక్‌లో పెట్టుకున్నట్టు. ఆ ఎత్తు చెల్లదు. అది చెల్లదని ఆ సీతమ్మధార అమ్మాయి చెప్పిందే రైటండీ.

ఎగిరే గద్దకు పద్ధతి మార్చమని ఒకరు సలహా ఇచ్చారు. జపాన్‌లో తెంజికు షోగి అని పాత ఆట ఉంది. పదహారుకు పదహారు గడుల పలక, ఒక్కొక్కరికి 78 పావులు. అందులో సేనాపతులు కొట్టేటప్పుడు ఎన్ని పావులనైనా దాటేస్తారు, కానీ తమతో సమానమైన హోదా వాళ్లనూ పైవాళ్లనూ దాటలేరు. బాగుంది. కానీ పిల్లలతో హోదాల పట్టిక బట్టీ పట్టించే ఓపిక నాకు లేదు.

మంత్రి పక్క మూలలోని మిడత గురించి పెద్దగా మార్పుల్లేవు. 1913లో డాసన్ అనే ఇంగ్లాండు ఆయన తయారుచేసిన పావు అది. మంత్రిలా నిలువుగా, అడ్డంగా, ఐమూలగా చూస్తుంది, కానీ దారిలో తగిలిన మొదటి పావును దాటి సరిగ్గా దాని వెనక గడిలోనే దిగాలి. దాటడానికి ఏమీ లేకపోతే కదలదు. చాలామంది పొరపాటు పడేది ఎక్కడంటే, పులి జూదం అలవాటు కొద్దీ దాటిన పావును తీసేస్తున్నారు. అక్కడ పులి దూకితే మేక చస్తుంది, ఇక్కడ దాటిన పావు బతికే ఉంటుంది. దిగిన గడిలో శత్రువు ఉంటే వాడే పోతాడు.

రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదిపే కోట కట్టడం ఈ ఆటలో లేదు. బంటు చివరి గడి చేరితే గద్దగా మారవచ్చు.

ఇక రెక్కలు. అంకుడు కర్రను తరిణి మీద తిప్పితే గుండ్రటి ఆకారాలే వస్తాయి, అందుకే రెక్కలు విడిగా చేసి అతికించాం. పార్సిల్‌లో చాలా ఊడిపోయాయి. ఇప్పుడు రెక్కలు మానేసి, గుండ్రటి ఒంటి మీద లక్క రంగుతో గీయిస్తున్నాం. చూడటానికి కాస్త పావురంలా ఉందని మా ఆవిడ అంటోంది. నిజమే అనుకోండి. విరిగిన గద్ద తెస్తే డబ్బు తీసుకోకుండా కొత్తది ఇస్తాను. కొత్త కాగితం ఈసారి రెండు పేజీలు, కొట్టులో ఉంది. ఆ అబ్బాయి చదివి చూశాకే ప్రింటుకిచ్చాను. ఆదివారం మధ్యాహ్నం మాత్రం రాకండి, మూసి ఉంటుంది.