అంటించి తీసిన మంటలను బాంబు మంటలంటే ఎలా?

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో యుద్ధకాలపు బ్రిటిష్ డాక్యుమెంటరీల వ్యాసం చదివాను. హంఫ్రీ జెన్నింగ్స్ తీసిన 'ఫైర్స్ వర్ స్టార్టెడ్' సినిమాలోని ఒక బొమ్మ కింద 'బాంబుదాడిలో తగలబడుతున్న లండన్' అని వేశారు. సవరణ వేస్తారని చూశాను. వేయలేదు.

లండన్ మీద జర్మనీ వరస బాంబుదాడులు 1940 సెప్టెంబరులో మొదలై 1941 మే నెలతో దాదాపు ఆగిపోయాయి. ఆ సినిమా తీసింది 1942లో. బాంబులకు దెబ్బతిన్న కట్టడాల్లో బ్రిటిష్ ప్రభుత్వ చిత్ర విభాగమైన క్రౌన్ ఫిల్మ్ యూనిట్ వాళ్లే మంటలు పెట్టి తీశారు. నటించింది మాత్రం అసలు అగ్నిమాపక సిబ్బందే. అలా ఎందుకు తీయాల్సి వచ్చిందో వ్యాసంలో ఒక్క ముక్క లేదు. దాడి రాత్రి ఊరంతా దీపాలు ఆర్పేసి ఉంటుంది, షూటింగ్ లైట్లు వెలిగించనివ్వరు. అప్పటి ఫిల్ముకు వెలుతురు బాగా కావాలి. లేకపోతే మంట పడుతుంది గానీ దాని ముందున్న మనిషి మొహం పడదు. స్ప్రింగుతో నడిచే న్యూమన్ సింక్లెయిర్ కెమెరాలో పట్టేది 200 అడుగుల ఫిల్ము. నిమిషానికి 90 అడుగుల చొప్పున రెండు నిమిషాల పైచిలుకులో అయిపోతుంది. అందులో శబ్దం రికార్డు కాదు, దానికి వేరే బరువైన యంత్రం కావాలి. కాబట్టి పోరు మధ్యలో మాట పెదవులతో సరిగ్గా కలిసినా, ముందుకు దూకుతున్న సైనికుణ్ణి ఎదుటి నుంచి తీరిగ్గా చూపినా (అంటే కెమెరా అతనికంటే ముందే శత్రువు వైపు ఉండాలి) అనుమానించాల్సిందే.

బాంబర్ విమానం మీద తీసిన 'టార్గెట్ ఫర్ టునైట్'లో నటించింది నిజం వైమానికులు, విమానం లోపలి భాగం స్టూడియో సెట్టు. ఎడారి యుద్ధం మీద తీసిన 'డెజర్ట్ విక్టరీ'లో, ఈజిప్టులోని అలమీన్ దగ్గర జరిగిన రాత్రి దాడిని దగ్గర నుంచి చూపే షాట్లు కొన్ని ఇంగ్లండులోని పైన్‌వుడ్ స్టూడియోలో తీసినవి. మిగతాది సైనిక కెమెరామన్లు ప్రాణాలకు తెగించి తెచ్చింది. కొందరు తిరిగి రాలేదు. రెంటినీ కలగలిపి రాస్తే వాళ్లకు అన్యాయం కాదా? టీవీ ఛానళ్లైతే అలా నటింపజేసి తీసిన షాట్లనే ఏ యుద్ధానికైనా అతికించేస్తున్నాయి.

1943 నుంచి మన హాళ్లలోనూ ప్రభుత్వ యుద్ధచిత్రాలు వేయడం తప్పనిసరి చేశారు. ప్రభుత్వ సంస్థ ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా వాటిని తెలుగులోనూ పంపింది. తెలుగు పత్రికకు అది రాయాలని తోచలేదు. సరిచూసుకుందామంటే గ్రంథాలయాల్లో సినిమా చరిత్ర పుస్తకాలు దొరకవు.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజులో ఆ బొమ్మ మళ్లీ వేసి, కింద '1942లో చిత్రీకరణ కోసం పెట్టిన మంటలు' అని రాయండి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం