తాడు మార్చొద్దు, తొడుగు మార్చు

అమ్మలూ,

మీ తెరచాప పడవ తాడు చిరిగిందని నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాం. "అదేం తాడండీ, కుక్క నమిలినట్టుంది" అంది మీ అమ్మ. నమిలింది క్లచ్, అదే, తాడు జారకుండా పళ్లతో పట్టి ఉంచే బిగింపు. తెరచాప పూర్తిగా ఎత్తిన ప్రతిసారీ, దాన్ని పైకి లాగే తాడైన హాల్యార్డ్‌ని క్లచ్ పళ్లు అదే చోట పడుతున్నాయి, జానెడు మేర పైతొడుగు చిరిగింది.

ముందు ఆ చిరుగులోంచి లోపలి తాడుని, అంటే డైనీమా అనే గట్టి ప్లాస్టిక్ పీచుని, వేళ్లతో నలిపి చూడు. మెత్తగా ఉంటే ఫరవాలేదు. గట్టిపడి గాజులా మెరుస్తుంటే మాత్రం ఆ తాడు మీద ఆశ వదులుకో. డైనీమా 150 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. తాడు చుట్టి లాగే వించ్ మీద బరువుతో జర్రున జారితే ఆ వేడి పుట్టడానికి ఎంతోసేపు పట్టదు.

మెత్తగానే ఉంటే కొత్త తాడు కొనొద్దు. బరువు మోసేది లోపలి తాడే. పైతొడుగు ఒరిపిడి తినడానికి, క్లచ్‌కి పట్టు ఇవ్వడానికి. భీమిలిలో మీ తాతయ్య లంగరు మోకు తెప్ప అంచుకి ఒరుసుకునే చోట గోనె ముక్క చుట్టేవాడు, అరిగితే ఇంకో ముక్క. నువ్వు చేయాల్సిందీ అదే, గోనె బదులు టెక్నోరా అనే వేడి తట్టుకునే పీచు కలిపిన అల్లిక తొడుగు. అది కరగదు, 500 డిగ్రీల దగ్గర మాడుతుంది. ఎండ మాత్రం దానికి పడదు. నీ తాడు 10 మిల్లీమీటర్లు, తొడుగు పడ్డాక 12 దాకా రావచ్చు. మీ క్లచ్ ఎంత లావు పడుతుందో దాని మీదే రాసి ఉంటుంది, కొనేముందే చూసుకో.

వేలాడుతున్న పీచులు కత్తిరించి, తొడుగుని తాడు వదులు కొస నుంచి ఎక్కించు. కుచ్చులా నెడితే వెడల్పవుతుంది, లాగితే బిగుసుకుంటుంది. లంగా బొందు ఎక్కించినట్టే, కాకపోతే ఇక్కడ కదిలేది లంగా. చిరుగుకి అటూ ఇటూ అర మీటరైనా కప్పాలి. ఒక కొస మైనపు దారంతో తాడులోంచి ఇటునుంచి అటు కుట్టి, అక్కణ్ణుంచి రెండో కొసకి అరచేత్తో పిండుతూ రా. పాలు పితికినట్టు, పదిసార్లు. వదులు ఇంకా వస్తూనే ఉంటుంది. ఆగాకే రెండో కొస కుట్టు.

కొసల్ని మొండిగా వదలకు. పోగులు రెండేసి చొప్పున, ఒక్కో జతని ఒక్కో చోట లాగి కోస్తూ ఎలుక తోకలా సన్నం చేయాలి. తెరచాప దించినప్పుడు ఈ భాగం క్లచ్ దాటి, కప్పీ తిరిగి, మాస్ట్, అంటే తెరచాప స్తంభం, లోపలికి పోతుంది మరి. పని నేర్చుకునే రోజుల్లో నేను ఓపిక లేక మొండి కొస మీద గట్టిగా దారం చుట్టేసి సరిపెట్టాను. సాయంత్రం గాలి పెరిగింది, ఆ మెట్టు మాస్ట్ రంధ్రంలో ఇరుక్కుంది, తెరచాప సగంలో ఆగిపోయింది. నాకంటే చిన్నవాణ్ణి మాస్ట్ ఎక్కించాల్సొచ్చింది. కింద నిలబడి పైకి చూస్తూ ఉన్న ఆ పది నిమిషాల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

పై కొసన, తెరచాపకి తగిలించే షాకిల్ కడియం దగ్గర ముడి వేశారా, తాడు తోకని తాడులోకే దూర్చి కన్ను స్ప్లైస్ చేశారా? ముడి అయితే తాడు బలం దాదాపు సగం పోయినట్టే. స్ప్లైస్ చేయాలంటే డైనీమాలో తోక దాని లావుకి 72 రెట్లు లోపలికి పోవాలి. నీ లోపలి తాడు 7 మిల్లీమీటర్లుంటే అర మీటరన్నమాట. అది వీడియో కాల్‌లో చూపిస్తాను, ఒక్కదానివే మొదలుపెట్టకు.

టెక్నోరా కోయడానికి మంచి కత్తెర తీయకు, మొద్దుబారిపోతుంది. మీ అమ్మ కుట్టుమిషన్ కత్తెర అలా పాడుచేసి ఇప్పటికీ మాట పడుతున్నాను. రెండో కొస కుట్టేముందు ఫొటో పంపు.

నాన్న