స్కిల్ ల్యాబ్ తాళం పీజీల చేతికి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా ఊరి మెడికల్ కాలేజీ స్కిల్ ల్యాబ్‌లో వీఆర్ సర్జరీ మిషన్లు (మనిషి మీద కాకుండా కంప్యూటర్ బొమ్మ మీద ఆపరేషన్ నేర్పేవి) ప్రారంభించారని పోయిన వారం జిల్లా పేజీలో వేశారు. రిబ్బన్ కత్తిరించినవాళ్ల పేర్లన్నీ రాశారు గానీ, వాటి మీద ఎంతమంది పీజీలు (ఎంబీబీఎస్ అయ్యాక పై చదువు చదివే డాక్టర్లు) నేర్చుకుంటున్నారో రాయలేదు. నాలుగు రోజులు ఆగాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

ఆపరేషన్ థియేటర్లో 26 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మొదటిసారి ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) పరికరం పట్టుకున్న కుర్ర డాక్టర్ల టెన్షన్ పక్కనే నిలబడి చూశాను. చెయ్యి కుడికి కదిపితే లోపల మొన ఎడమకు పోతుంది, కళ్లేమో స్క్రీన్ మీద ఉంటాయి, ఎంత లాగితే కండ చిరుగుతుందో వేళ్లకే తెలియాలి, అది పుస్తకాల్లో చదివితే వచ్చేది కాదు. ఈ వీఆర్ మిషన్ల పిడిలో చిన్న మోటార్లుంటాయి, మనం నొక్కేకొద్దీ అవి ఎదురు నెడతాయి. అక్కడ తప్పు చేస్తే మళ్లీ మొదలుపెట్టొచ్చు. టేబుల్ మీద మనిషి ఉన్నప్పుడు ఆ వీలు ఎక్కడిది?

ఇదేమీ కొత్త సంగతి కాదు. 2002లోనే అమెరికాలో యేల్ యూనివర్సిటీవాళ్లు మన పీజీల్లాంటి 16 మంది రెసిడెంట్ డాక్టర్లలో సగం మందికి ముందు వీఆర్‌లో నేర్పి, తర్వాత అందరిచేతా గాల్ బ్లాడర్ (పైత్యరసం సంచి) ఆపరేషన్ చేయించారు. నేర్చుకున్నవాళ్లు ఆ సంచిని కాలేయం నుంచి విడదీసే పని 29 శాతం త్వరగా ముగించారు. నేర్చుకోనివాళ్లు దాన్ని గాయపరిచే, పక్క కండను కాల్చే అవకాశం ఐదు రెట్లు ఎక్కువని తేలింది. అప్పటి మిషన్‌కు ఈ ఎదురు నెట్టే గుణం కూడా లేదు.

మా దగ్గర మాత్రం ఆ మిషన్ల గదికి తాళం. తాళంచెవి స్టోర్ క్లర్కు దగ్గర, ఆయన ఐదింటికి వెళ్లిపోతాడు, పీజీలకు డ్యూటీ అయ్యేసరికి రాత్రవుతుంది. నడిపే టెక్నీషియన్ పోస్టు మంజూరే కాలేదట. నేను చేసినన్నాళ్లూ ఇదే చూశాను, కొనడానికి డబ్బులొస్తాయి, రిపేరుకు రావు, ఇన్‌స్పెక్షన్ రోజు దుమ్ము దులిపి మళ్లీ గుడ్డ కప్పేస్తారు. పెద్దాసుపత్రికి వచ్చేది కూలీనాలీ చేసుకునేవాళ్లు. వాళ్ల కడుపు మీదే మొదటి ప్రాక్టీసు జరగాలా? ప్రిన్సిపాల్ గారూ, సూపరింటెండెంట్ గారూ మీ పిల్లల్ని అలా అప్పగిస్తారా?

మీ విలేకరిని ఇంకోసారి పంపండి. ఆ గది రిజిస్టర్ తెరిపించి, ఈ నెలలో ఎన్ని సంతకాలున్నాయో లెక్కపెట్టి, ఆ సంఖ్య అదే పేజీలో వేయండి.

– ఒక రిటైర్డ్ థియేటర్ నర్సు