వార్షిక నివేదిక: ఈ ఏడాది మనం తవ్వి చూసిన ఒక ఇంటిపేరు

సభ్యులందరికీ నమస్కారం.

మిలాన్‌లోని మన తెలుగు సంఘం ఈ ఏడాది చేసిన పనుల నివేదిక ఇది. సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా పంపుతున్నాం. ఇక్కడ వివరంగా చెప్పాల్సింది ఇంటిపేర్ల అధ్యయనం గురించి.

ఇది మొదలైంది కాగితాల టెన్షన్‌తో. ఇటలీలో అందరికీ ఇచ్చే కోడిచె ఫిస్కాలె (పన్ను గుర్తింపు సంఖ్య)లో మొదటి మూడు అక్షరాలు ఇంటిపేరు నుంచి, తర్వాతి మూడు సొంత పేరు నుంచి వస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నా, రెండు పేర్లు తారుమారైనా ఆ చిక్కు బ్యాంకు దగ్గర్నుంచి పిల్లల బడి దాకా వెంటాడుతుంది. సభ్యుల ఫారాలు సరిచూస్తున్నప్పుడే, అసలు ఇక్కడివాళ్ల ఇంటిపేర్లు ఎలా పుట్టాయో తెలుసుకుందామనే మాట వచ్చింది. మన అపార్ట్‌మెంట్ల గుమ్మాల దగ్గర, కాలింగ్ బెల్లుల పక్కన తరచూ కనిపించే ‘కొలొంబో’ను ఎంచుకున్నాం.

కొలొంబో అంటే పావురం. క్రైస్తవంలో పావురం పరిశుద్ధాత్మకు గుర్తు కాబట్టి మధ్యయుగాల్లో మగపిల్లలకు ఆ పేరు పెట్టేవారు. అలాంటి తాతల పేరే కొన్ని వంశాలకు ఇంటిపేరైంది. జెనోవాలో పుట్టిన క్రిస్టఫర్ కొలంబస్ ఇంటిపేరూ ఇదే. అయితే మిలాన్ చుట్టుపక్కల ఇంత విరివిగా ఉండటానికి ఇంకో కారణముంది.

1456లో డ్యూక్ ఫ్రాంచెస్కో స్ఫోర్జా ఇక్కడ ఓస్పెదాలె మజ్జోరె అనే పెద్దాసుపత్రికి పునాది వేయించాడు. ఊరివాళ్లు దాన్ని ‘కా గ్రాందా’ అంటారు. మన విద్యార్థుల్లో కొందరు రోజూ క్లాసులకు వెళ్లే విశ్వవిద్యాలయ భవనం అదే. ఆ ఆసుపత్రి చిహ్నం పావురం. తల్లిదండ్రులెవరో తెలియకుండా అక్కడికి చేరిన పసిపిల్లలకు కొలొంబో అని ఇంటిపేరు రాసేవారు. వాళ్లను పల్లెల్లో పాలిచ్చే దాదుల దగ్గరికి పంపేవారు. చాలామంది అక్కడే పెరిగి, పెళ్లిళ్లు చేసుకుని స్థిరపడ్డారు. మిలాన్ ఉన్న లొంబార్దీ ప్రాంతం పల్లెల్లో కూడా ఈ పేరు పాతుకుపోయింది ఇలాగే. ఒకే పేరు పిల్లల మీద జీవితాంతం ముద్రలా మిగులుతోందని 1825 ప్రాంతంలో ఆ పద్ధతి మానేసి, ఒక్కొక్కరికి వేరే పేరు కల్పించడం మొదలుపెట్టారు.

పిల్లల్ని అప్పగించడానికి గోడలో ‘రువోతా’ ఉండేది. అది ఒకవైపు తెరిచి ఉన్న చెక్క పీపా. బిడ్డను అందులో పడుకోబెట్టి తిప్పి గంట కొడితే, లోపలివాళ్లు అందుకునేవారు. బయట నిలబడ్డ మనిషి ముఖం ఎవరికీ కనిపించదు. మిలాన్‌లో దాన్ని 1868లో మూసేశారు. 19వ శతాబ్దిలో అక్కడికి చేరినవాళ్లలో పెళ్లయిన జంటల పిల్లలు కూడా చాలామందే. కూలికి పోకపోతే పూట గడవని తల్లులు, బిడ్డ కాస్త పెద్దయ్యాక వచ్చి తీసుకెళ్లేవారు. వాళ్లను ‘వదిలేసినవాళ్లు’ అనడం నాకు న్యాయంగా అనిపించదు.

ఆ మాట ఎందుకంటున్నానో ఫ్లోరెన్స్ యాత్రకు వచ్చినవాళ్లకు తెలుసు. బ్రునెల్లెస్కి రూపకల్పన చేసిన ఇన్నోచెంతి అనాథాశ్రమంలో మొదటి బిడ్డను 1445 ఫిబ్రవరి 5న చేర్చుకున్నారు. ఆ పాపకు అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. అక్కడి మ్యూజియంలో చిన్న చిన్న సొరుగులున్నాయి. లాగితే లోపల సగానికి కోసిన పతకం, పూసలాంటి గుర్తులు కనిపిస్తాయి. ఒక సగం బిడ్డతో పంపి, రెండో సగం తల్లి దాచుకునేది, ఎప్పటికైనా వచ్చి పోల్చుకోవచ్చని. మన బృందంలో చాలాసేపు ఎవరూ ఆ సొరుగుల దగ్గర్నుంచి కదల్లేదు.

ఆ ఆశ్రమం పేరు మీదే ఇన్నోచెంతి ఇంటిపేరు వచ్చింది. రోమ్‌లో ప్రొయెత్తి, నాపోలి (నేపుల్స్)లో ఎస్పోజితో కూడా ఇలా చేరిన పిల్లలకు పెట్టిన ఇంటిపేర్లే. నాపోలిలోని అనున్జియాతా ఆశ్రమం రువోతాను 1875లో మూశారు.

సభ్యులకు ఒక విన్నపం. కొలొంబోలందరూ అనాథల సంతతి కారు. పక్కింటివాళ్లను, ఆఫీసువాళ్లను ఈ సంగతి నేరుగా అడగొద్దు. సొంతంగా వెతుక్కునేవాళ్లకు చర్చి రికార్డులున్నాయి. బాప్తిజాలు, పెళ్లిళ్లు నమోదు చేయాలని 1563లో క్యాథలిక్ మతపెద్దల ట్రెంట్ సభ అన్ని చర్చిలనూ ఆదేశించింది. 1866 నుంచి ప్రభుత్వ రిజిస్టర్లు ఉన్నాయి. వాటిలో చాలా రిజిస్టర్లను ఇటలీ ప్రభుత్వ పాత రికార్డుల వెబ్‌సైట్ ‘ఆంతెనాతి’ పోర్టల్లో ఉచితంగా చూడొచ్చు.

వచ్చే ఏడాది నాపోలి యాత్ర అనుకుంటున్నాం. దానికంటే ముందు, ఇక్కడ పిల్లల్ని కంటున్న దంపతులకు ఒక అవగాహన సమావేశం పెడతాం. పెళ్లయినా ఇటలీ కాగితాల్లో స్త్రీ పుట్టింటి పేరే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం, తండ్రి ఇంటిపేరే బిడ్డకు దానంతటదే రావాలన్న నియమాన్ని కొట్టేసింది. ఇప్పుడు తల్లిదండ్రులిద్దరి పేర్లూ వస్తాయి, ఇద్దరూ ఒప్పుకుంటే ఒకటే పెట్టొచ్చు. మన పాస్‌పోర్టులతో ఇది ఎలా పొసగుతుందన్నదే సమావేశంలో ప్రధాన విషయం. మీ సందేహాలు ముందుగానే కార్యవర్గానికి రాసి పంపండి.

కార్యదర్శి