వరంగల్‌లో నగర ప్రణాళిక పీజీ కోర్సు పెట్టండి: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి,

నమస్కారం. పురపాలక శాఖ, విద్యాశాఖ రెండూ మీ దగ్గరే ఉన్నాయి. నా విన్నపం ఆ రెండింటికీ సంబంధించింది కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను. నేను హన్మకొండలో డిగ్రీ పిల్లలకు జాగ్రఫీ చెబుతాను.

2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్ కాలనీలు ఎలా మునిగాయో మీకు తెలుసు. 2023లోనైతే భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. ఆ తర్వాత నాలాల పనులు జరుగుతున్నాయి, కాదనను. కానీ ఈ మధ్య నాలా పక్కనున్న ఒక వీధికి మా విద్యార్థులను తీసుకెళ్తే, అక్కడో ఇల్లు చూశాం. కట్టినప్పుడు మూడు మెట్లెక్కి లోపలికి వెళ్లేవాళ్లట. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోయారు. ఇప్పుడు రోడ్డు మీంచి ఇంట్లోకి దిగాలి. వానాకాలం వస్తే ఆ ఇంటివాళ్లకు టెన్షనే. గడప ముందు మోకాలెత్తు గోడ కట్టుకున్నారు, రోజూ దాన్ని దాటుకునే లోపలికి వెళ్తున్నారు. మా పిల్లలు మేస్త్రీని అడిగి లెవెల్ పైపు తెచ్చి కొలిచి చూశారు. "రోడ్డు వేసేటప్పుడు ఇది ఎవరూ చూడరా సార్?" అని ఒకమ్మాయి అడిగింది.

చూడాల్సింది ప్లానర్. ఆ వీధి నీళ్లు ఏ నాలాలో కలవాలి, ఆ నాలాకు పై నుంచి ఏ చెరువు మత్తడి (అలుగు) నీళ్లు వస్తాయి, మధ్యలో శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, లేఅవుట్ ఎలా లేచింది, బస్సు ఎటు తిరగాలి, చెత్త ఎక్కడికి పోవాలి, ఇవన్నీ కలిపి చూడటం నేర్పే చదువే నగర ప్రణాళిక. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించిన నేల ఇది. పాకాల, రామప్ప, లక్నవరం కింద ఈనాటికీ పంటలు పండుతున్నాయి. అలాంటి చోట 1971 నాటి మాస్టర్ ప్లాన్‌తో యాభై ఏళ్లు నెట్టుకొచ్చాం. 2041 మాస్టర్ ప్లాన్‌ను 2024లో మీ ప్రభుత్వమే ఆమోదించింది, సంతోషం. దాన్ని 400 చదరపు కిలోమీటర్లు దాటిన కార్పొరేషన్‌లో వీధి వీధికీ అమలు చేసే మనుషులు ఏరి?

ఈ కొరత దేశమంతా ఉంది. రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ విభాగాల్లో 12 వేలకు పైగా ప్లానర్ పోస్టులు కావాలని, మంజూరైనవి 4 వేల లోపేనని, వాటిలోనూ సగం ఖాళీ అని నీతి ఆయోగ్ 2021లోనే చెప్పింది. చాలా రాష్ట్రాల్లో ఆ ఉద్యోగానికి ప్లానింగ్ డిగ్రీ తప్పనిసరి కూడా కాదట. ఆ మాట చదివి నాకు నిజంగా బాధేసింది.

ఈ చదువు కావాలంటే మా పిల్లలు హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూకి పోవాలి, లేదా విజయవాడ, ఢిల్లీ, ఖరగ్‌పూర్ దారి పట్టాలి. ఫీజు ఎలాగోలా కట్టినా హాస్టల్ ఖర్చు దగ్గర చాలా ఇళ్లు ఆగిపోతున్నాయి.

అందుకే అడుగుతున్నాను. కాకతీయ యూనివర్సిటీలో సుస్థిర నగర ప్రణాళికలో రెండేళ్ల పీజీ కోర్సు మొదలుపెట్టండి. పక్కనే 1959 నుంచి ఉన్న నిట్ సహకారం తీసుకోండి. సివిల్, ఆర్కిటెక్చర్ వాళ్లతో పాటు జాగ్రఫీ, ఎకనామిక్స్, సోషియాలజీలో పీజీ చేసిన వాళ్లకూ సీట్లివ్వండి. దేశంలోని ప్లానింగ్ స్కూళ్లలో ఈ పద్ధతి ఉన్నదే. జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు గీసి విశ్లేషించడం), రవాణా, మున్సిపల్ ఆర్థికం తరగతి గదిలో నేర్పండి. స్టూడియో పని, అంటే నిజమైన ఊరికి ప్లాన్ గీసే ప్రాక్టికల్ మాత్రం ఊళ్లలోనే జరగాలి. ఒక సెమిస్టర్ రామగుండంలో, ఇంకొకటి జగిత్యాలలోనో ములుగులోనో పెట్టి, పిల్లలు గీసిన మ్యాపులు అక్కడి మున్సిపల్ కమిషనర్ బల్ల మీదికి చేరేలా చూడండి. టౌన్ ప్లానింగ్ నియామకాల్లో ఈ డిగ్రీకి ప్రాధాన్యం ఇస్తామని ముందే జీవో ఇస్తే తల్లిదండ్రులకూ ధైర్యం వస్తుంది.

వచ్చే విద్యా సంవత్సరం నోటిఫికేషన్‌లోనే ఈ కోర్సు పేరు ఉండాలని కోరుతున్నాను. సిలబస్ కమిటీ వేస్తే, జీతం లేకుండా పని చేయడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక జాగ్రఫీ లెక్చరర్,
హన్మకొండ