మూడక్షరాల సెట్

చిన్నీ,

గ్రూప్ డిస్కషన్‌లో మిగతా పిల్లలు పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు వాడుతుంటే నీకు నోరు పెగల్లేదన్నావు. అందుకని ఇకమీదట రోజూ పది కష్టమైన మాటలు బట్టీ పడతానన్నావు. ఆ పని మాత్రం పెట్టుకోకు తల్లీ. హైస్కూల్లో ఇన్నేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నదాన్ని, గట్టిగా నమ్మి చెబుతున్నాను: పెద్ద మాటలే సులువు. ఫోటోసింథసిస్ అన్న మాటకు ఉన్నది ఒక్కటే పని, ఒకసారి తెలిస్తే ఎప్పటికీ తెలిసినట్టే. భాష నడిచేది గెట్, పుట్, రన్, సెట్ లాంటి చిన్న మాటల మీద. అవి అలవాటైతే ఎవరి ముందైనా నీకు నోరు లేస్తుంది.

ఉదాహరణకి సెట్ ఒక్కటే తీసుకుందాం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పు 1989లో వచ్చింది, 20 సంపుటాలు. అన్ని సంపుటాల్లోనూ ఎక్కువ చోటు పట్టింది ఈ మూడక్షరాల మాటకే. క్రియగానే 430 అర్థాలు, వాటిని వివరించడానికి సుమారు 60,000 మాటలు.

ఆ అంకె చూసి టెన్షన్ పడకు. సెట్‌ని నువ్వు తెలుగులోనే రోజూ బోలెడు రకాలుగా వాడుతున్నావు. ఏసీ 24లో సెట్ చెయ్యమంటావు, పొద్దున్నే లేవడానికి అలారం సెట్ చేసుకుంటావు. సినిమావాళ్ళు సెట్ వేస్తారు. ఈ రంగు నీకు బాగా సెట్ అయింది అంటాం. ఉద్యోగం వచ్చినవాడికి లైఫ్ సెట్ అంటాం. హోటల్‌కి వెళ్తే సెట్ దోశ. ఒక్క ఎంసెట్ మాత్రం వీటికి ఏమీ కాదు. అందులో చివరి సెట్, కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అన్న మూడు మాటల మొదటి అక్షరాల కూర్పు. పేరు ఈఏపీసెట్‌గా మారినా ఆ తోక అలాగే ఉంది.

ఇక అసలు మాట ఎక్కడిదో చూడు. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో సిట్టన్ అంటే కూర్చోవడం, సెట్టన్ అంటే కూర్చోబెట్టడం. తాగు, తాగించు, లేచు, లేపు అని మనం ప్రేరణార్థకాలు చెప్పుకుంటాం కదా, అలాంటి జంట ఇది. అప్పట్లో ఇంగ్లీషుకు ఇలాంటి జంటలు చాలా ఉండేవి, మాట లోపలి అచ్చు మారితే చాలు, చేసే పని కాస్తా చేయించే పని అయ్యేది. ఫాల్ అంటే పడడం, ఫెల్ అంటే పడగొట్టడం. చెట్టు నరికి పడేయడాన్ని ఇప్పటికీ ఫెల్ అనే అంటారు. లై, లేయ్ కూడా అంతే, పడుకోవడం, పడుకోబెట్టడం. వాళ్ళ పిల్లలే ఈ రెండింట్లో తికమక పడుతుంటారు, కాబట్టి నువ్వు తడబడితే సిగ్గుపడక్కర్లేదు. నాకు అన్నిటికంటే ఇష్టమైన జంట డ్రింక్, డ్రెంచ్. వానలో డ్రెంచ్ అయిపోయానంటావే, ఆ మాటకి మొదటి అర్థం తాగించడం.

ఈ కూర్చోబెట్టడం అన్న ఒక్క అర్థం పట్టుకుంటే 430లో చాలావాటికి దారి దొరుకుతుంది. అలారం ముల్లుని ఆరు మీద కూర్చోబెడతాం. ఉంగరంలో రాయిని కూర్చోబెడతారు. విరిగిన ఎముకను డాక్టర్ దాని చోట కూర్చోబెడతాడు. దీన్నంతా ఇంగ్లీషువాళ్ళు సెట్ అంటారు. నేను పరీక్ష పేపర్ సెట్ చేయడమన్నా ప్రశ్నల్ని ఒక్కొక్కటే వాటి చోట్లలో పెట్టడమే.

సూర్యుడు సెట్ అవడం కాస్త వేరు. అక్కడ ఎవరూ ఎవరినీ కూర్చోబెట్టడం లేదు, సూర్యుడే కూర్చుంటున్నాడు. పాత ఇంగ్లీషులో సూర్యాస్తమయానికి సెట్ల్‌గాంగ్ అన్న మాట ఉండేది, ఆసనానికి వెళ్ళడమని అర్థం. ఇది చదవగానే నీకు మన పొద్దుగూకడం గుర్తొస్తుంది, అందులో కూకోవడం వినిపిస్తుంది. కానీ అది క్రుంకు అన్న మాట అరిగి వచ్చింది, మునగడమని దాని అర్థం. చెవికి ఒకేలా వినిపించాయని చుట్టరికం కలిపేయకు. మాటల చరిత్ర చదివేవాళ్ళు అందరికంటే ఎక్కువ మోసపోయేది ఇక్కడే.

నిజమైన చుట్టరికం వేరే చోట ఉంది. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ అనే ఇంగ్లీషు జడ్జి సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని ప్రసంగించాడు. ఇంగ్లీషు కూడా ఆ కుటుంబానిదే. కూర్చోవడమన్న అర్థంలో సంస్కృతంలో సద్ అనే ధాతువు ఉంది. సిట్, సెట్‌లకు మూలమైనదే దానికీ మూలం. సదస్సు, సదనం దాని నుంచి వచ్చాయి. ఉపనిషత్తు అంటే దగ్గర కూర్చోవడం. పరిషత్తు అంటే చుట్టూ కూర్చున్నవాళ్ళు. నేను పాఠం చెప్పే జిల్లా పరిషత్ హైస్కూల్ బోర్డు మీదే సెట్‌కి బంధువు ఉందన్నమాట! లాటిన్ వైపు నుంచి సెషన్, ప్రెసిడెంట్ వచ్చాయి. ప్రెసిడెంట్ అంటే ముందు కూర్చునేవాడు. ప్రసాదం కూడా సద్ నుంచి వచ్చిందే. కలక దిగి నీళ్ళు తేటపడటం, మనసు తేటపడటం, ఆ తేటపడిన మనసుతో చూపే దయ, ఆ దయతో ఇచ్చేది, ఇలా సాగి గుళ్ళో చేతిలో పెట్టే చక్రపొంగలి దాకా వచ్చింది. పక్షిగూటిని ఇంగ్లీషులో నెస్ట్ అంటారు, సంస్కృతంలో నీడం. రెండూ ఒకటే మాట, కింద కూర్చునే చోటని అర్థం. శాంతినికేతన్‌లోని విశ్వభారతి ఆదర్శవాక్యంలో ఏకనీడం అని ఉంటుంది, ప్రపంచమంతా ఒకే గూడు అని.

అయితే తెలుగు ఇంగ్లీషుకి చుట్టమని అనేయకు. తెలుగు ద్రావిడ భాష. దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో మద్రాసులో ఎఫ్. డబ్ల్యూ. ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి ఆధారాలతో రాశాడు, అదీ క్యాంబెల్ అనే ఇంకో అధికారి రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన వ్యాసంలో. సదస్సు, ప్రసాదం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. కూర్చోబెట్టు అచ్చంగా మనది.

ఇంకొక సంగతి చాలామంది టీచర్లకు కూడా తెలియదు. సెట్ ఒక మాట కాదు, రెండు. సెట్ దోశలో, టీ కప్పుల సెట్‌లో, లెక్కల్లో సమితులని చదివావే ఆ సెట్‌లో ఉన్నది గుంపు అన్న అర్థం. అది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని వెనక లాటిన్ సెక్టా, అంటే ఒకరి వెంట నడిచేవాళ్ళు. సెక్ట్ అన్న మాట కూడా దాన్నుంచి వచ్చిందే. వెంట నడవడమన్న ఆ మూలమే సంస్కృతంలో సచ్ ధాతువు, దాని నుంచి సచివుడు, సచివుడి నుంచి సచివాలయం. ఇంగ్లీషులోకి వచ్చాక రెండూ ఒకేలా పలకడంతో ఒకదాని అర్థం ఇంకోదాని మీద వాలి, ఇప్పుడు విడదీయడమే కష్టం. నగల షాపులో ఆ రెండూ పక్కపక్కనే వినిపిస్తాయి. నెక్లెస్, కమ్మలు కలిపి సెట్ అంటే గుంపు మాట. ఆ నెక్లెస్‌లో రాళ్ళు సెట్ చేశారంటే కూర్చోబెట్టే మాట.

మీ నాన్నకి ఇదంతా చదివి వినిపిస్తే, సిమెంట్ సంగతి రాయలేదేం అన్నారు. నిజమే. సైట్ మీద సిమెంట్ సెట్ అవడం వేరు, బలం రావడం వేరు. నీళ్ళు కలిపాక 30 నిమిషాల లోపు బిగియడం మొదలవకూడదు, 600 నిమిషాల లోపు పూర్తిగా బిగియాలి. ఇది మన దేశంలో మామూలు పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి పెట్టిన ప్రమాణం. బలం మాత్రం 28 రోజులకు చూస్తారు, ఈలోపు నీళ్ళతో తడుపుతూ క్యూరింగ్ చేయాలి. నీకు పద్దెనిమిదేళ్ళు. లైఫ్ ఎప్పుడు సెట్ చేసుకుంటావని చుట్టాలు అడిగితే, మీ నాన్న లెక్క వాళ్ళకు చెప్పు.

ఈ మాటకు ముందూ వెనకా ఇంకో ముక్క తగిలిస్తే ఎటు పోతుందో ఊహించలేం. అప్‌సెట్ అంటే మొదట్లో ఎత్తి నిలబెట్టడం. తరవాత తలకిందులు చేయడమై, ఇప్పుడు మనసు పాడవడం దాకా వచ్చింది, అసలు అర్థానికి పూర్తిగా ఎదురు. ఏటా జూన్ 1 వస్తుందనగా కేరళలో ఋతుపవనాల ఆన్‌సెట్, అంటే రాక గురించి పేపర్లు రాస్తాయి. ఆ ఆన్‌సెట్ ఒకప్పుడు శత్రువు మీద పడటం. సెట్ ఆఫ్ అంటే బయల్దేరడమూ అవుతుంది, టపాకాయ పేల్చడమూ అవుతుంది. వీటిని జాబితాగా రాసుకుని బట్టీ కొట్టకు. ఒక్కోటి వాక్యంలో కనిపించినప్పుడు ఆగి, ఇక్కడ ఏది ఎక్కడ కూర్చుందో చూసుకో. అలా నేర్చుకున్నది మరచిపోవు. మా పిల్లల్లో చూశాను.

సెట్ ఇప్పుడు మొదటి స్థానంలో లేదు. ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళు మూడో కూర్పు కోసం మాటల్ని మళ్ళీ మొదటి నుంచి చూస్తున్నారు. రన్ అన్న క్రియకు 645 అర్థాలు తేలాయి. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు కూర్చున్నాడు. రైళ్ళు, యంత్రాలు, కంప్యూటర్లు వచ్చిన కొద్దీ రన్ పెరుగుతూ పోయిందని నాకనిపిస్తుంది. నువ్వు చదివేది కంప్యూటర్స్, ప్రోగ్రామ్ రన్ అయిందా లేదా అని రోజంతా అంటూనే ఉంటావు. మనుషులు, గుర్రాలు పరిగెత్తే ఆ మాట ప్రోగ్రామ్ దాకా ఏ దారిన వచ్చిందో నీ లైబ్రరీలో వెతికి, నీకొచ్చిన ఇంగ్లీషులో ఒక పేజీ రాసి పంపు. తప్పులు దిద్దను, చదువుకుంటాను. ఈలోపు నేను పుట్ పట్టుకుంటాను.

ప్రేమతో,
అమ్మ